నల్లగొండ మల్గీల ముచ్చట: ప్రకాశం బజార్ నుంచి హైదరాబాద్ రోడ్డు దాకా

నల్లగొండ పాత బజార్లలో మల్గీలకు, అంటే రోడ్డు ముఖం ఉన్న దుకాణం గదులకు, షట్టర్లు లేని కాలం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అప్పుడు పలకల తలుపులు. కింద గడపరాయికీ పైన దూలానికీ గాడి కొట్టి, జానెడు వెడల్పు టేకు పలకలను అందులోకి ఒక్కొక్కటిగా జరిపేవాళ్లు. పలక పలకకూ ఒక అంకె. వరుస తప్పితే ఆఖరి పలక పట్టదు, గొళ్లెం తాళం ఉండేది దానికే. పొద్దున్నే పలకలు తీసి గోడకు ఆనించడం గుమాస్తా మొదటి పని, ఊడవడం, నీళ్లు చల్లడం, గల్లాపెట్టెకు దండం పెట్టడం ఆ తర్వాతే. వానకాలం టేకైనా ఎంతో కొంత ఉబ్బుతుంది. రెండు పలకలు గాడిలో బిగుసుకుపోతే సగం తలుపుతోనే బోణీ. గాడికి కొవ్వొత్తి రుద్దేవాళ్లు, మరీ మొరాయిస్తే చెక్క సుత్తితో కింది నుంచి నాలుగు దెబ్బలు. అంతకు మించి మరమ్మతు ఉండేది కాదు.

ఆ మల్గీలు ముందు ఎనిమిది, పది అడుగులు. లోపలికి మాత్రం ముప్పై అడుగుల దాకా పోయేవి. రాయి, డంగుసున్నంతో కట్టిన గోడలు రెండడుగుల మందం, పది అడుగుల ముఖంలో గోడలకు పోగా మిగిలేది ఎంతో లెక్కేసుకోవచ్చు. ముందు గల్లా, బేరం. నడిమి భాగంలో సరుకు, వెనక చీకటి గది గోదాము, పైన అటక. ఇంత సన్నగా ఇంత పొడుగ్గా ఎందుకు కట్టారంటే, కట్టలేదు, పంచుకున్నారు. ముప్పై అడుగుల ముఖం ఉన్న ఇల్లు ముగ్గురన్నదమ్ములకు వస్తే వెనక భాగం తీసుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? బజారు ముఖం అందరికీ కావాలె. నిలువునా కోసుకున్నారు. తర్వాతి తరంలో ఆ పది ఐదైంది. ఇప్పుడొక పెద్ద బట్టల షోరూం వాళ్లు వచ్చి నలభై అడుగుల ముఖం అడిగితే పాత బజార్‌లో ఐదారుగురి సంతకాలు కావాలె. వాళ్లలో ఒకరు హైదరాబాద్‌లో ఉంటారు, ఒకరు అమెరికాలో ఉంటారు, ఇద్దరికి మాటల్లేవు.

అప్పట్లో మల్గి విలువను నడిచే కాళ్లు నిర్ణయించేవి. అప్పుడు నల్లగొండ 59 మండలాల జిల్లాకు కేంద్రం. కలెక్టరేట్ పని, కోర్టు వాయిదా, పెద్దాసుపత్రి, ఏదో ఒక పనిమీద ఊళ్ల నుంచి జనం బస్సు దిగి ఊరి నడిమి గడియారం సెంటర్ దాకా నడిచి, బజార్‌లో కొనుక్కుని, మళ్లీ నడిచి బస్సెక్కేవాళ్లు. ఆ దారిలో ఉన్న మల్గికి ఒక ధర, దారి నుంచి పది అడుగులు పక్క గల్లీలోకి పోతే సగం ధర. కిరాయి ముఖాన్ని బట్టే మాట్లాడేవాళ్లు. “ముందు ఎన్నడుగులు?” అన్నదొక్కటే ప్రశ్న. వెనక ఎంత లోతున్నా దాన్ని గోదాము కిందే లెక్కగట్టేవాళ్లు. ఆ కొలత ఇప్పటికీ చాలామంది ఓనర్ల తలలో అట్లే ఉండిపోయింది. ఇప్పటి కాంప్లెక్సుల్లో జరిగే నష్టాల్లో సగం దాని పుణ్యమే.

పగిడి సంగతి చెప్పకుండా ఆ కాలం మాట్లాడుకోలేం. కిరాయిదారు ఓనర్‌కు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాడు, నెల కిరాయి నామమాత్రం. ఖాళీ చేసేటప్పుడు అతనే ఇంకొకరిని తెస్తాడు, కొత్తవాడి దగ్గర తన పగిడి తీసుకుంటాడు, ఓనర్‌కు అందులో కొంత వాటా. దీనికి రసీదు ఉండదు, నోటి మాటే. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కింద కిరాయిదారును లేపాలంటే కిరాయి ఎగ్గొట్టాడనో, దొంగచాటుగా ఇంకొకరికి ఇచ్చాడనో, ఓనర్‌కు సొంతానికి నిజంగా అవసరమనో రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలె. ఆ కేసు ఏండ్లు నడిచేది. నెలకు వంద, రెండొందలు వచ్చే మల్గికి ఓనర్ సున్నం ఎందుకు వేస్తాడు? పైకప్పు కారితే కిరాయిదారే రేకు కప్పుకునేవాడు. ప్రకాశం బజార్‌లో మంచి గిరాకీ ఉన్న దుకాణాలు శిథిలంగా కనిపించడానికి కారణం పేదరికం కాదు, ఈ లెక్కే. 2005 సవరణతో మున్సిపాలిటీల్లో నెలకు 2,000 రూపాయలు, కార్పొరేషన్లలో 3,500 దాటిన కిరాయిలు ఆ చట్టం నుంచి బయటికొచ్చాయి. కొత్త మల్గీల్లో పగిడి పోయి అడ్వాన్సు మిగిలింది అప్పటి నుంచే. పాత కిరాయిలు మాత్రం కొన్ని అట్లే నడిచాయి.

తర్వాతి తరం మల్గి పది బై పదిహేను. సిమెంటు స్లాబు, ఇనుప షట్టరు, ముందు మోరీ మీద రెండు కడప బండలు. రోడ్డు పక్క ఇల్లున్న ప్రతివాళ్లూ కాంపౌండు గోడ కొట్టేసి నాలుగు మల్గీలు లేపారు. రిటైరయ్యాక పెన్షన్‌కు తోడు నాలుగు కిరాయిలు, ఇంటి వెనక ఎప్పట్లాగే జామచెట్టు. బాగానే ఉండేది. కాని ఆ మల్గీలు సెట్‌బ్యాక్‌లో, అంటే రోడ్డుకూ భవనానికీ మధ్య ఖాళీగా వదలాల్సిన జాగాలో కట్టినవి. రోడ్డు వెడల్పు మొదలైనప్పుడు ముందుగా పోయింది అవే. పదిహేను అడుగుల లోతులో ఆరడుగులు పోతే మిగిలే తొమ్మిదడుగుల్లో కౌంటరు వేస్తే మనిషి నిలబడడు. అట్లా మిగిలిన ముక్కల్లోనే ఇవాళ మొబైల్ రిపేర్లు, జిరాక్స్, కర్రీ పాయింట్లు నడుస్తున్నాయి. లోతు అక్కర్లేని వ్యాపారాలు కదా.

ఇంకో కీడు రోడ్డు ఎత్తుతో వచ్చింది. పాత పొర గీకకుండా దాని మీదే కొత్త తారు వేస్తూ పోతే ఒక్కో పొరకు రోడ్డు కొంత ఎత్తు పెరుగుతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన దుకాణంలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతాం. వానపడితే నీళ్లు షట్టరు కిందినుంచి లోపలికి. షట్టరు పట్టీలు కింది రెండడుగులు తుప్పుపట్టి, పక్క చానెళ్లలో మట్టి పేరుకుని, స్ప్రింగ్ మీద భారం పడుతుంది. షట్టరు బరువెక్కిందంటే నూనె వేయడం కాదు, ముందు చానెల్ కడగాలె. పనిచేస్తున్న స్ప్రింగ్‌ను అనవసరంగా మార్పించుకున్నవాళ్లు బజారంతా ఉన్నారు. కొత్తగా కట్టేవాళ్లు పునాది ఎత్తును ఇంటి వాకిలి నుంచి కాకుండా రోడ్డు నడిమి ఎత్తు నుంచి కొలిచి, రెండున్నర నుంచి మూడడుగులు పైకి పెట్టుకోవాలె. అప్పుడు ముందు ర్యాంపుకు కూడా సొంత జాగాలోనే చోటు వదలాలె. మోరీ మీద పోసిన ర్యాంపు పూడిక తీసే రోజు పగులుతుంది, అడిగే హక్కుండదు.

బజారు గడియారం దాటి హైదరాబాద్ రోడ్డు మీదికి, దేవరకొండ రోడ్డు, మిర్యాలగూడ రోడ్ల మీదికి జరగడానికి బండ్లే కారణం. స్కూటరున్నవాడు దుకాణం ముందే ఆపుతాడు, కారున్నవాడు ఆపడానికి చోటు లేకపోతే ఆ దుకాణానికే పోడు. కాళ్లు లెక్కగట్టిన ధర చక్రాల చేతికి పోయింది. పాత బజార్‌లో బంగారం, ఇత్తడి స్టీలు సామాను, పూజ సామగ్రి లాంటివి నిలబడ్డాయి. నమ్మకం మీద, బేరం మీద నడిచే సరుకుకు జనం ఇప్పటికీ నడిచే వస్తారు. ఫర్నిచరు, టీవీలు ఫ్రిజ్‌లు, రెడీమేడ్ బట్టలు మాత్రం వెడల్పు రోడ్లకు పోయాయి.

అక్కడ ఓనర్లు చేసిన మొదటి పొరపాటు పాత కొలతనే కొత్త రోడ్డుకు తేవడం. రెండొందల గజాల జాగా, కింద వరుసగా మల్గీలు, ప్రతి పది అడుగులకు ఒక పిల్లరు. కింద ఐదు షట్టర్లు, పైన కూడా ఐదు షట్టర్లు. ఫస్ట్ ఫ్లోర్‌లో షట్టరు మల్గి ఎవరికి కావాలె? పైకి రావడానికి మెట్లు భవనం వెనక, మూడడుగుల వెడల్పు, మలుపులో కరెంటు మీటర్లు. కింద గిరాకీ చూసి పైన కూడా అదే కిరాయి వస్తుందని లెక్కేసుకుని బ్యాంకు అప్పు తీసుకుంటారు. 50 లక్షలు, 10 శాతం వడ్డీ, 12 ఏండ్లు అనుకుంటే నెల కిస్తీ దాదాపు 59,750 రూపాయలు. లెక్క కోసం కింద 1,200 చదరపు అడుగులు, అడుగుకు 30 చొప్పున 36,000 వచ్చిందనుకుందాం. పైన కూడా 30 పెట్టుకుంటే కిస్తీ పోగా 12,250 మిగులుతుంది. నిజానికి మెట్లు మాత్రమే ఉన్న ఫస్ట్ ఫ్లోర్‌కు కింది ధరలో సగం కూడా కష్టమే. 12 చొప్పున 14,400 వస్తే నెలకు 9,000 పైనే జేబులోంచి పెట్టాలె. ఏడాదిలో మూడు నెలలు ఖాళీ ఉంటే ఇంకా చెప్పేదేముంది. ఇంటి పన్ను, నీళ్ల మోటరు, వాచ్‌మన్ ఇందులో కలపలేదు.

ఫస్ట్ ఫ్లోర్ నిండాలంటే మెట్లు రోడ్డు నుంచే కనబడాలె. ఐదడుగుల వెడల్పు ఉండాలె, మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటొద్దు. లిఫ్టు గుంత కట్టేటప్పుడే వదలాలె, యంత్రం తర్వాత పెట్టుకున్నా సరే. బోర్డు పెట్టుకునే జాగా పై అంతస్తువాళ్లకు కిరాయినామాలోనే రాసివ్వాలె, లేకపోతే కింది దుకాణపాయన ఫ్లెక్సీ పైవాళ్ల కిటికీని మూసేస్తుంది. ఈ గొడవ లేని కాంప్లెక్సు నల్లగొండలో లేదనే చెప్పొచ్చు. పైన నడిచేవి కోచింగ్ సెంటర్లు, డెంటల్ క్లినిక్‌లు, ల్యాబులు, బీమా ఆఫీసులు, జిమ్‌లు. జిమ్ అంటే కింది కిరాయిదారుకు బరువులు పడే చప్పుడు, స్లాబు ఎంత బరువుకు డిజైనయిందో ఇంజనీరును అడక్కుండా ఒప్పుకోవద్దు. ఆసుపత్రి అంటే స్ట్రెచరు పట్టే లిఫ్టు, నీళ్లు, జనరేటరు.

పెద్ద షోరూంల వాళ్ల లెక్క ఇంకో తీరు. వాళ్లకు ముఖం యాభై అడుగులు కావాలె, పిల్లర్ల మధ్య ఇరవై అడుగులైనా ఖాళీ ఉండాలె. ఏసీ గొట్టాలు, ఫాల్స్ సీలింగ్ పోగా పది అడుగులు మిగలాలె కాబట్టి స్లాబు పన్నెండుకు తగ్గొద్దు. కరెంటు లోడు పెద్దదైతే ట్రాన్స్‌ఫార్మర్‌కు జాగా భవనం ముందు మూలలోనే వదలాలె. అగ్రిమెంటు తొమ్మిదేండ్లంటారు, మూడేండ్లకోసారి 15 శాతం పెంపు అంటారు, ఓనర్లు సంబురపడతారు. లాక్-ఇన్, అంటే మధ్యలో వదిలిపోవడానికి వీల్లేని కాలం, ఎవరికి ఎంత అన్నది చదవరు. చాలా అగ్రిమెంట్లలో ఓనర్ తొమ్మిదేండ్లూ ఖాళీ చేయమనడానికి వీల్లేదు, వాళ్లు మాత్రం లాక్-ఇన్ దాటాక మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఫిట్-అవుట్ (లోపలి హంగుల పని) కింద రెండు మూడు నెలల కిరాయి ముందే మినహాయింపు. వాళ్లు వెళ్లిపోయిన రోజున చేతిలో మిగిలేది తొమ్మిదివేల అడుగుల హాలు: ఒకటే మీటరు, ఒకటే మెట్లు, మూలకొక టాయిలెట్. నలుగురికి విడగొట్టి ఇద్దామంటే కుదరదు. మొదట్లోనే నాలుగు మీటర్లకు సరిపడా ప్యానెలు జాగా, ఇంకో మెట్ల దారి, రెండు చోట్ల టాయిలెట్ లైను పెట్టుకున్న ఓనర్ నెలలోనే మళ్లీ కిరాయికి ఇచ్చుకుంటాడు. దానికయ్యే ఖర్చు కట్టేటప్పుడైతే పెద్దది కాదు.

అదీ కాక, ఇన్నేండ్ల ఒప్పందాన్ని బాండ్ పేపరు మీద రాసుకుని సరిపెట్టడం మనవాళ్ల అలవాటు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయాల్సిందే, చేయకపోతే గొడవ కోర్టుకెక్కినప్పుడు ఆ కాగితంలోని షరతులు నిలవవు. పదకొండు నెలల కిరాయినామాలు పుట్టింది ఇందుకే. చిన్న మల్గీలకు వాడుకలో నడిచేది అదే, ప్రతి పదకొండు నెలలకు కొత్తది రాసుకుంటూ. రాసుకోకుండా పాతదాని మీదే పదేండ్లు లాగితే అది నెలనెలా కిరాయి కిందికి వస్తుంది, పదిహేను రోజుల నోటీసు లెక్క. పన్నుల సంగతి కూడా మారింది. కిరాయిదారుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఓనర్‌కు లేకపోతే, 2024 అక్టోబర్ 10 నుంచి దుకాణం కిరాయి మీద 18 శాతం కట్టాల్సింది కిరాయిదారే, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు మినహాయింపు. దీన్ని ఓనర్‌కు ఇచ్చే కిరాయిలోంచి కోసుకునే కిరాయిదారులు కనబడుతున్నారు, అది ఒప్పు కాదు.

జిల్లాల విభజన దెబ్బ వేరు. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి అదే రోజు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరయ్యాయి, 2019లో నారాయణపేట. కలెక్టరేట్ పనికి సూర్యాపేట నుంచి వచ్చే జనం రావడం మానేశారు, వాళ్లు కొనే సరుకూ రాలేదు. కొత్త జిల్లా కేంద్రాల్లో తలకిందులు: ఆఫీసుల కోసం ఖాళీ భవనం కనబడితే చాలు కిరాయికి తీసుకున్నారు. పక్కన జిరాక్స్, టైపింగ్, హోటళ్లు, వాటికి అడిగినంత కిరాయి. ఇది శాశ్వతమనుకుని కట్టినవాళ్లు ఉన్నారు. భువనగిరి కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో, వనపర్తిది మార్చిలో, పాలమూరుది డిసెంబర్‌లో, సూర్యాపేటది 2023 ఆగస్టులో కొత్త భవనాల్లో మొదలయ్యాయి. ఆఫీసులు పోగానే జిరాక్స్ మిషన్లు కూడా వాటి వెంట పోయాయి. ప్రభుత్వ ఆఫీసు పక్క మల్గి కొనేవాళ్లు ఆ ఆఫీసు సొంత భవనంలో ఉందా, కిరాయి భవనంలో ఉందా అని అడగాలె. అడిగేవాళ్లు తక్కువ.

విజయవాడ హైవే నార్కట్‌పల్లి మీదుగా పోవడం కూడా నల్లగొండ వ్యాపారాన్ని ఒక రకంగా కట్టేసింది. రోడ్డు మీద ఆగే పెద్ద హోటళ్ల గిరాకీ చిట్యాల, నార్కట్‌పల్లి వాళ్లదే. హైదరాబాద్ వంద కిలోమీటర్లే కావడంతో పెండ్లి బట్టలు అక్కడ కొంటారు, రోజువారీవి ఇక్కడ. అందుకే ఇక్కడి కాంప్లెక్సులో నిలబడేది మధ్య రకం సరుకు. 2023 అక్టోబర్‌లో ఐటీ టవర్ తెరిచాక చుట్టుపక్కల జాగాలకు ధరలు చెప్పిన తీరు చూస్తే, ధర ముందు పుడుతుంది, గిరాకీ తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వస్తుంది అనిపిస్తుంది.

బైపాస్‌ల వైపు ‘కమర్షియల్ బిట్’ అని అమ్మేవాటిలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జాతీయ రహదారి ముఖం ఉన్నంత మాత్రాన ఆ రోడ్డు మీదికి దారి తెరుచుకునే హక్కు రాదు, హైవే అధికారుల అనుమతి వేరే తీసుకోవాలె. నల్లగొండ మీదుగా పోయే 565 జాతీయ రహదారి పక్క కొనేవాళ్లకు ఇది ముఖ్యం. భూమికి నాలా మార్పిడి (సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం) అయిందా, లేఅవుట్‌కు అనుమతి ఉందా, లేకపోతే 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాటా, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కట్టారా అన్నది కాగితం మీద చూడాలె. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎన్నడుగులకు గుర్తించారో మున్సిపల్ ఆఫీసులో అడిగి, ఇప్పుడున్న వెడల్పు తీసేస్తే మన జాగాలోంచి పోయేదెంతో తేలుతుంది. దళారి చెప్పే గజాల్లో అది కూడా కలిసే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు మొత్తం 7.5 శాతం, బయానా ఇచ్చేటప్పుడే పక్కన పెట్టుకోవాలె.

బ్యాంకుల వాళ్లు మంచి కిరాయిదారులు, కాకపోతే స్ట్రాంగ్‌రూం గోడలు, ర్యాంపు ఓనర్ ఖర్చుతోనే కట్టించుకుంటారు, కిరాయి మాత్రం కార్పెట్ ఏరియాకే, అంటే గోడలు పోగా లోపల మిగిలే జాగాకే, లెక్కగడతారు. వాటి పక్కనే పుట్టిన ఏటీఎం గదుల కాలం ఎంత తొందరగా అయిపోయిందో. ఎనభై, వంద చదరపు అడుగుల గది, మెట్ల కింది చోటు కూడా సరిపోయేది. అడుగు లెక్కన చూస్తే ఆ వీధి మొత్తంలో ఎక్కువ కిరాయి దానికే. ఫోన్‌తో చెల్లించడం అలవాటయ్యాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు వాటిలో పూల దుకాణాలు, జ్యూస్ పాయింట్లు. ఏసీ తీసిన రంధ్రం గోడలో అట్లే ఉంటుంది, అద్దం తలుపు మాత్రం కొత్తవాళ్లకు పనికొస్తుంది. అట్లాంటి గది ఇచ్చేముందు ఓనర్ ఒక్క పని చూసుకోవాలె: రెండు ఏసీలకని తీసుకున్న కరెంటు లోడు మీటరు మీద అట్లే ఉంటే కమర్షియల్ కేటగిరీలో ఫిక్స్‌డ్ చార్జీలు ఆ కిలోవాట్ల మీదే పడుతుంటాయి. పూల దుకాణానికి ఒక ఫ్యాను, రెండు బల్బులు. లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టుకునే దాకా బిల్లు పాత ఏటీఎందే వస్తుంది.